పామరజనుల ప్రచురణకర్త ఇవాన్ సితిన్

చదువురాని జనులకు అక్షరములు నేర్పుట ఒక కార్యము. నేర్చినవారి చేతికి ఏ పుస్తకము అందవలెనో నిర్ణయించుట వేరొక కార్యము. మొదటిది ఉపాధ్యాయుని పని. రెండవదానికి పోటీపడువారు పెక్కుమంది. పందొమ్మిదవ శతాబ్దపు రష్యాదేశమున ప్రభుత్వమువారు, మతాధికారులు, భూస్వాములు, విప్లవకారులు, మహారచయితలు, అందరును రైతు ఏమి చదువవలెనో తమకే తెలియుననుకొనిరి. వీరందరి నడుమ నిలిచి, రైతు ఈయగలిగిన వెలకు, రైతు మెచ్చు రూపమున, అర్ధశతాబ్దికాలము పుస్తకములను పల్లెపల్లెకు పంపిన వర్తకుడు ఇవాన్ ద్మిత్రియెవిచ్ సితిన్. ఆతడు పండితుడు కాడు, కవి కాడు, రాజకీయ నాయకుడును కాడు. అయినను ఆనాటి రష్యా ప్రజల మనస్సును తీర్చినవారిలో ఆతనికి ముఖ్యస్థానము కలదు.

సితిన్ 1851వ సంవత్సరము జనవరి 24వ తేదీన కొస్త్రోమా రాష్ట్రములోని గ్నెజ్ద్నికొవో అను కుగ్రామమున జన్మించెను. (1918 వరకు రష్యాలో పాత పంచాంగము వాడుకలో నుండెను. అంతవరకు గల తేదీలు ఇచ్చట ఆ లెక్కనే ఈయబడినవి. పందొమ్మిదవ శతాబ్దిలో అవి మన తేదీలకు పండ్రెండు దినములును, ఇరువదవ శతాబ్దిలో పదమూడు దినములును వెనుకబడి యుండును.) తండ్రి ద్మిత్రి ఆ ప్రాంతపు గ్రామకచేరీలో లేఖకుడు, మన కరణము వంటి ఉద్యోగి. పన్నుల లెక్కలు, దస్తావేజులు, అర్జీలు ఆయన చేతిమీదుగా నడిచెడివి. కాని ఆయనకు మనోవ్యాధి యుండెను. అది వచ్చినపుడు కచేరీని, ఇంటిని విడిచి ఎచ్చటికో పోవుచుండెను. నలుగురు బిడ్డల సంసారము అట్టివాని జీతముతో ఎట్లు నడచునో ఊహింపవచ్చును. జ్యేష్ఠపుత్రుడైన ఇవాన్ గ్రామపాఠశాలలో కొంతకాలము మాత్రమే చదివెను. అచ్చట బోధన శ్రద్ధతో జరుగుచుండలేదు. దండన మాత్రము లోటులేక జరుగుచుండెను. ఆ బడినుండి తాను సోమరితనమును, పుస్తకముపై ఏవగింపును మాత్రమే నేర్చుకొని బయటపడితినని సితిన్ తన వార్ధక్యమున స్వీయచరిత్రలో ఒప్పుకొనెను. ముందుముందు కోట్లకొలది పుస్తకములు అచ్చువేయబోవువాని విద్యారంభము ఇట్లుండెను.

ఆతనికి పదియేండ్లు నిండిన 1861లో రష్యా చక్రవర్తి రెండవ అలెగ్జాండరు అర్ధదాస్యమును రద్దుచేసెను. రెండుకోట్లకు పైబడిన రైతులు భూస్వాముల యాజమాన్యమునుండి విముక్తులైరి. ఆ రైతులలో అక్షరజ్ఞానము కలవారు స్వల్పము. 1897 నాటి జనాభా లెక్కలలో గూడ రష్యా సామ్రాజ్యమున నూటికి ఇరువదియొక్కరు మాత్రమే చదువుట నేర్చినవారని తేలెను. కాని ఆ సంఖ్య ఏటేట పెరుగుచుండెను. సితిన్ జీవితమంతయు ఈ పెరుగుదలతో ముడివడి యున్నది.

ఇల్లు గడవక, బాలుడైన ఇవాన్ పినతండ్రి వెంట నీజ్నీ నొవ్‌గొరోద్ సంతకు పోయి ఉన్నితోళ్ళు అమ్మెను. 1866వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీన ఒక సిఫారసు ఉత్తరము చేతబట్టుకొని మాస్కో నగరమున దిగెను. ఆ ఉత్తరము షరాపోవ్ అను వృద్ధ వర్తకునికి వ్రాయబడినది. షరాపోవ్‌నకు రెండు వ్యాపారములు కలవు: ఒకటి తోళ్ళు, రెండవది పుస్తకములు. ఉత్తరము తోళ్ళ దుకాణములో పనికొరకు వ్రాయబడినది. అచ్చట ఖాళీ లేకపోవుటచే కుఱ్ఱవానిని పుస్తకముల దుకాణములో పెట్టిరి. తోళ్ళ దుకాణములో ఒక్క కొలువు ఖాళీగా నుండినచో రష్యా గ్రంథప్రచురణ చరిత్ర వేరొక విధముగా నుండెడిది. యజమాని పాదరక్షలు తుడుచుట, కట్టెలు, నీళ్ళు మోయుట, సామాను కట్టలు గట్టుట మొదట ఆతని పనులు. సంతానము లేని షరాపోవ్ ఆ బాలుని బుద్ధికుశలతను గమనించి క్రమముగా వ్యాపారమంతయు నేర్పెను.

ఆ దుకాణములో అమ్మెడి సరకును గూర్చి కొంత చెప్పవలెను. దానికి లూబోక్ అని పేరు. అనగా ఒక కాగితముమీద అచ్చువేసిన రంగుల బొమ్మయు, దానిక్రింద నాలుగు పంక్తుల మాటలును. సాధువుల చిత్రములు, చక్రవర్తుల చిత్రములు, యుద్ధములు, ఎలుకలు పిల్లిని శ్మశానమునకు మోసుకొనిపోవు హాస్యచిత్రము, బోవా రాకుమారుడు, యెరుస్లాన్ లాజరెవిచ్ అను వీరుల కథలు ఇందులో ప్రసిద్ధములు. మాస్కో చుట్టుపట్ల పల్లెలలో స్త్రీలు ఇంటనే కూర్చుండి ఆ బొమ్మలకు చేతితో రంగులు వేసెడివారు. రైతు దానిని కొనిపోయి దేవుని పటముల ప్రక్కన గోడకు అంటించుకొనెడివాడు. బొమ్మలతో పాటు అదే తీరున సన్నని కథల పుస్తకములు, పాటల పుస్తకములు, స్వప్నఫలముల పుస్తకములును వెలువడెడివి. వానిని వ్రాయువారికి కొద్ది రూబుళ్ళు మాత్రమే ముట్టెడివి. గోగోల్ వంటి మహారచయితల కథలను అటునిటు మార్చి తమ పేర అమ్ముకొన్నవారును ఉండిరి.

ఈ బొమ్మల విషయమున పాలకులకు ఎల్లప్పుడును అనుమానమే. పామరునికి నవ్వు పుట్టించు బొమ్మలో ఎవని ముఖము దాగియున్నదో అని వారి భయము. 1839లో ఈ చిత్రములు సైతము ప్రభుత్వ పరిశీలకుల అధీనమునకు వచ్చెను. 1851 ప్రాంతమున మాస్కో పాలకుని ఆజ్ఞచే అనుమతిలేని పాత రాగిదిమ్మలను ముక్కలు చేయించిరి. విద్యావంతులకు భయము లేదుగాని తిరస్కారము కలదు; లూబోక్ అను మాటను వారు తిట్టుగా వాడిరి. సితిన్‌నకు మాత్రము ఆ రెండును లేవు. రైతు తన చెమట ధనమునిచ్చి కొనుచున్న వస్తువులో ఏదో విలువ యుండక పోదని ఆతడు గ్రహించెను.

ఆ సరకును పల్లెలకు చేర్చువారు ఒఫేనీలని పిలువబడు సంచారవర్తకులు. పెట్టెను వీపున మోసుకొని, మంచుకాలమున బండిమీద వేసుకొని, వేలకొలది మైళ్ళు తిరిగెడివారు. సూదులు, దారములు, శిలువలు, పటములు, పుస్తకములు అన్నియు ఆ పెట్టెలోనే. వారిలో పెక్కురకు చదువు రాదు. సితిన్ వారికి అప్పుమీద సరకిచ్చెను. ఏ పల్లెలో ఏ బొమ్మ చెల్లినది, ఏ కథ తిరిగివచ్చినది అని తిరుగుప్రయాణములో ఓపికతో అడిగి తెలిసికొనెను. పుస్తకములపై వచ్చు విమర్శలకంటె ఈ విచారణయే ఆతనికి గొప్ప పాఠశాల అయ్యెను.

1876లో సితిన్ వివాహము చేసికొని, భార్య తెచ్చిన కట్నమునకు షరాపోవ్ ఇచ్చిన అప్పును జేర్చి, ఒక లిథో యంత్రమును కొనెను. డిసెంబరు 7వ తేదీన మాస్కోలో చిన్న అచ్చుకూటము తెరువబడెను. మరుసటి ఏడే రష్యాకును తురుష్కులకును యుద్ధము మొదలాయెను. యుద్ధము ప్రకటింపబడినంతనే ఆతడు యుద్ధభూమి పటమును తెచ్చి, రేయింబవళ్ళు పనిచేయించి, వార్తాపత్రికలు చదువువారికి సహాయముగా అచ్చువేసి అమ్మెను. సైన్యము ముందుకు సాగినకొలది క్రొత్త పటములు వెలువడెను. పుత్రుడు సైన్యమున నుండి, తాను ఇంటనున్న తండ్రి ఆ పటముమీద వ్రేలుపెట్టి చూచుకొనెను. దానితో ఆ చిన్న అచ్చుకూటము నిలద్రొక్కుకొనెను. 1882 నాటి మాస్కో ప్రదర్శనమున ఆతని చిత్రములకు పతకము లభించెను. 1883లో డెబ్బదియైదువేల రూబుళ్ళ మూలధనముతో సితిన్ కంపెనీ ఏర్పడెను.

ఇచ్చట ఆనాటి శాసనమును గూర్చి తెలిసికొనవలెను. 1865 నాటి నిబంధనల ప్రకారము రాజధానీ నగరములలో పది ఫారములకు, అనగా సుమారు నూటయరువది పుటలకు తక్కువకాని స్వతంత్ర గ్రంథమునకు ముందుగా అనుమతి అక్కరలేదు. అంతకు తక్కువైనచో అచ్చునకు ముందే పరిశీలకుని సంతకము కావలెను. లావు పుస్తకము ధనికుడు కొనును. సన్నని పుస్తకము పేదవాడు కొనును. కనుక ఒకే భావము లావు గ్రంథములో స్వేచ్ఛగా తిరుగును. రెండు కోపెక్కుల పుస్తకములో బందీయగును. అంతటితో ఆగలేదు. 1890లో ప్రజల ఉచిత పఠనమందిరములకు వేరొక నిబంధన వచ్చెను. విద్యాశాఖవారు ఆమోదించిన పట్టికలో నున్న గ్రంథములను తప్ప మరి దేనిని అచ్చట ఉంచరాదు. అంగడిలో బహిరంగముగా అమ్ముడుపోవు గ్రంథము సైతము పల్లెటూరి పఠనమందిరమున ప్రవేశింపనేరదు. ఆ పట్టిక కట్టడి 1905 చివర వరకు నడిచెను.

ఇట్టి పరిస్థితులలో 1884వ సంవత్సరము నవంబరు మాసమున చెర్త్‌కోవ్ అను యువకుడు సితిన్ దుకాణమునకు వచ్చెను. ఆతడు ధనికుల బిడ్డ, టాల్‌స్టాయికి ప్రియశిష్యుడు. మహారచయితల కథలను రైతులకు చేర్చవలెనని ఆతని కోరిక. వెల మాత్రము లూబోక్ పుస్తకమునకు మించరాదు. ఇతర ప్రచురణకర్తలు వినిపించుకొనని ఆ మాటకు సితిన్ వెంటనే సమ్మతించెను. పొస్రెద్నిక్, అనగా మధ్యవర్తి, అను పేర ఆ ప్రచురణలు 1885లో మొదలాయెను. టాల్‌స్టాయి, లెస్కోవ్, గార్షిన్, కొరొలెంకో వంటివారి రచనలు అందు వెలువడెను. చిత్రకారుడు రేపిన్ బొమ్మలు వేసెను. టాల్‌స్టాయి తన కథలకు ప్రతిఫలమును కోరలేదు. నూరు పుస్తకముల వెల వర్తకునికి ఒక రూబులు లోపుగనే పడెను. అట్టయు, బొమ్మయు చూచుటకు లూబోక్ వలెనే యుండుటచే ఒఫేనీ తన పెట్టెలో బోవా రాకుమారుని ప్రక్కన టాల్‌స్టాయిని గూడ పెట్టుకొని బయలుదేరెను. మొదటి నాలుగేండ్లలో కోటికి పైగా ప్రతులు పల్లెలలో చెల్లిపోయెను. ఒఫేనీలు సరకు కొనుటకు వచ్చు కాలమున టాల్‌స్టాయి స్వయముగా దుకాణమునకు వచ్చి, రైతు దుస్తులతో వారి నడుమ కూర్చుండి, రైతులకు ఏవి నచ్చుచున్నవో విచారించుచుండెను.

ఈ పుస్తకములు అందరికిని సంతోషము కలిగింపలేదు. మతాధికారులకు వానిలో పాషండమత వాసన తోచెను. పరిశీలకులు కొన్నింటిని ఆపిరి, కొన్నింటిని కత్తిరించిరి. వేరొక ప్రక్క విప్లవకారులు, ఓర్పును, అహింసను బోధించు కథలు రైతును మేల్కొలుపక నిద్రపుచ్చునని ఆక్షేపించిరి. సితిన్ ఎవరితోను వాదమునకు దిగలేదు. మంత్రుల ఇండ్లకు పోయి, అధికారుల గుమ్మముల ముందు వేచియుండి, అనుమతి సంపాదించుకొనుటయే ఆతని మార్గము. టాల్‌స్టాయి కథలు అచ్చువేసిన యంత్రములమీదనే చర్చి పాఠశాలల పుస్తకములు, రాజకుటుంబపు చిత్రములు, ప్రభుపక్షపు కరపత్రములు గూడ అచ్చయ్యెను. ఇది ఆతని దోషమని పలువురు చెప్పిరి. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని అట్లు నడుచుకొననిచో రెండు కోపెక్కుల టాల్‌స్టాయి ఒఫేనీ పెట్టెలోనికి చేరుట సాధ్యము కాకుండెడిది.

ఆ కాలముననే ఆతడు సర్వజనుల పంచాంగమును ఆరంభించెను. పండుగలు, సంతల తేదీలు, రైలు వేళలు, వైద్యచిట్కాలు, సేద్యపు విషయములు, చట్టపు వివరములు అన్నియు అందుండెను. వేరు పుస్తకమే లేని ఇంట అదియే గ్రంథాలయము. తరువాతి కాలమున ఆ పంచాంగములు ఏటికి కోట్ల ప్రతులకు పెరిగెను.

కథారచయిత చెహోవ్‌తో సితిన్‌నకు 1893లో స్నేహము కలిగెను. సామాన్యజనుల కొరకు ఒక దినపత్రిక కావలెనని చెహోవ్ ఆతనిని పలుమారు ప్రోత్సహించెను. 1897లో సితిన్ రూస్కొయె స్లోవొ, అనగా రష్యా వాక్కు, అను పత్రికను కొనెను. అప్పటికది చందాదారులు లేని ప్రభుపక్షపు పత్రిక. 1902లో దొరొషెవిచ్ అను సమర్థుడు దానికి సారథి యయ్యెను. ఊరూర విలేఖకులు, తంతివార్తలు, చిన్న చిన్న వాక్యములు, తక్కువ వెల. ఇవి దాని బలములు. 1917 నాటికి అది పదిలక్షల ప్రతులను మించెను.

1905వ సంవత్సరము సితిన్ జీవితమున మరపురానిది. ఆతని అచ్చుకూటమున అక్షరములు కూర్చు పనివారికి వేయి అక్షరములకు ఇంత అని కూలి. కామాలు, చుక్కలు, ప్రశ్నార్థకములు ఆ లెక్కలోనికి రావు. వానిని గూడ చేతితోనే ఏరి కూర్చవలెను గదా! ఆ చిహ్నములకును కూలి ఈయవలెననియు, పనివేళ తగ్గింపవలెననియు కోరి సెప్టెంబరు 19వ తేదీన వారు పని మానిరి. ఇతర అచ్చుకూటములవారు కలిసిరి. రొట్టెలు కాల్చువారు కలిసిరి. అక్టోబరులో రైలు కార్మికులు కలిసిరి. దేశమంతయు స్తంభించెను. అక్టోబరు 17వ తేదీన రెండవ నికోలాస్ చక్రవర్తి పౌరహక్కులను, శాసనసభను వాగ్దానము చేయుచు ప్రకటన వెలువరింపవలసి వచ్చెను. కామా లెక్కనుండి రాజ్యాంగము పుట్టినదని జనులు చెప్పుకొనిరి. పేదలకు పుస్తకములిచ్చుచున్న యజమాని, ఆ పుస్తకములు కూర్చు పేదల కూలిలో కామాలు మినహాయించుకొనుట గమనింపదగిన విషయము. ఈ విషయమున న్యాయము పనివారి పక్షముననే యుండెను.

డిసెంబరులో మాస్కో కార్మికులు ఆయుధములు పట్టిరి. ప్యాత్నిత్స్కయ వీథిలోని సితిన్ అచ్చుకూటమును సైన్యము ఫిరంగులతో ముట్టడించెను. కట్టడము అగ్నికి ఆహుతియయ్యెను. యంత్రములు, కాగితము, అచ్చయి సిద్ధముగా నున్న పుస్తకములు కాలిపోయెను. సైనికులే నిప్పంటించిరని పెక్కుమంది నమ్మిరి. సితిన్ కృంగిపోక, మిగిలిన గోడలమీదనే తిరిగి కట్టించెను.

ఆ పిమ్మటి పదియేండ్లు ఆతని వైభవకాలము. అర్ధదాస్య నిర్మూలనమునకు ఏబదియేండ్లు నిండిన 1911లో మహాసంస్కారమను సంపుటములను, 1912లో నెపోలియన్ యుద్ధముపై సంపుటములను, బాలల విజ్ఞానసర్వస్వమును, సైనిక విజ్ఞానసర్వస్వమును వెలువరించెను. టాల్‌స్టాయి 1910లో మరణించిన తరువాత ఆయన సమగ్ర రచనలను అచ్చువేసెను. అచ్చుకూటపు బాలురకు చిత్రలేఖనమును, లిథో పనిని నేర్పు పాఠశాలను గూడ నడిపెను. మొదటి ప్రపంచయుద్ధము నాటికి రష్యాలో వెలువడు పుస్తకములలో నాలుగవ వంతు ఆతని సంస్థదే యని లెక్కకట్టిరి.

1917వ సంవత్సరము ఫిబ్రవరి 19వ తేదీన మాస్కోలో ఆతని గ్రంథసేవకు ఏబది సంవత్సరముల ఉత్సవము జరిగెను. పుస్తకము కొరకు అర్ధశతాబ్ది యను అభినందన సంచికను రచయితలు, కళాకారులు కలిసి తెచ్చిరి. పదునైదు దినములు గడువక మునుపే చక్రవర్తి సింహాసనము కూలిపోయెను. ఆ ఏటి చివరనే బోల్షెవిక్కులు రూస్కొయె స్లోవొ పత్రికను మూసివేసిరి. అచ్చుకూటములు జాతీయము చేయబడెను. ప్యాత్నిత్స్కయలోని కట్టడమునకు మొదటి ఆదర్శ ముద్రణాలయమని పేరువచ్చెను. సితిన్ దేశము విడిచి పారిపోలేదు. ఒకనాడు యజమానిగా నున్న యంత్రముల నడుమ సలహాదారుగా నిలిచి, క్రొత్త ప్రభుత్వపు ప్రచురణ శాఖకు సాయపడెను. 1924లో రష్యా చిత్రకళా ప్రదర్శనముతో అమెరికాకు పోయి తిరిగివచ్చెను. 1928లో ప్రభుత్వము ఆతనికి నెలకు రెండువందల యేబది రూబుళ్ళ ప్రత్యేక వేతనము నేర్పరచెను. 1934వ సంవత్సరము నవంబరు 23వ తేదీన, ఎనుబదిమూడేండ్ల వయస్సున, మాస్కోలో కన్నుమూసెను.

పట్టికలు మాత్రము పాత ప్రభుత్వముతో పోలేదు. 1920లలో క్రొత్త పాలకులును ప్రజాగ్రంథాలయములనుండి తొలగింపదగిన గ్రంథముల పట్టికలు పంపిరి. మతగ్రంథములు, పాత జానపద ప్రచురణలు, టాల్‌స్టాయి ధార్మిక రచనలు అందు చేరెను. చక్రవర్తి పరిశీలకుడు దేనిని చూచి జంకెనో, ఆ చక్రవర్తిని కూలద్రోసినవారును దానినే చూచి జంకిరి. రైతు తనంతట తాను ఎంచుకొని చదువుట ఇరువురికిని సమ్మతము కాలేదు.

అయినను తక్కువ వెలకు మంచి పుస్తకము అను సూత్రము ఆ దేశమున నిలిచెను. సోవియట్ కాలమున మాస్కోలోని ప్రగతి, రాదుగ ప్రచురణాలయములు తెలుగులో గూడ పుస్తకములు అచ్చువేసి చౌకగా పంపెను. తెలుగుదేశపు పల్లె గ్రంథాలయముల బీరువాలలో ఆ గట్టి అట్టల పుస్తకములు నేటికిని కానవచ్చును. 1991తో ఆ రాక నిలిచిపోయెను.

సితిన్ స్వీయచరిత్ర ఆతని మరణానంతరము 1960లో అచ్చయ్యెను. 1979లో మాస్కో నగరమువారు వీథిని చక్కబరచుటకై ఆతని పత్రికాకార్యాలయ భవనమును పడగొట్టక, మొదలంట పట్టాలమీద జరిపి వేరుచోట నిలిపిరి. ఆతడు తుదిదినములు గడపిన ఇల్లు 1989 నుండి ప్రదర్శనశాల యయ్యెను.

బడిలో పుస్తకమును ద్వేషించిన కరణముగారి కుమారుడు పుస్తకమునకే జీవితమంతయు ధారపోసెను. ఆతనిలో లాభాపేక్ష కలదు. రాజీపడు స్వభావము కలదు. పనివారి కూలి విషయమున లోభమును కలదు. ఇవన్నియు లెక్కలో ఖర్చు ప్రక్క వ్రాయవలసినవే. జమ ప్రక్క వ్రాయవలసినది ఒక్కటియే: చదువు నేర్చిన రైతు తన రెండు కోపెక్కులు చేతబట్టుకొని వచ్చినపుడు, ఆతని కొరకు పెట్టెలో ఒక మంచి పుస్తకము సిద్ధముగా నుండెను. గ్రామగ్రంథాలయములకు ఈ జమయే ఆదర్శము. బీరువా తలుపు తెరచియుండవలెను. ఏది చదువవలెనో చదువరి తానే ఎంచుకొనవలెను. ఎంచుకొనదగినవి అందు నిండుగా నుండవలెను.